జయశీల చెయ్యి

ఫోన్ మోగేసరికి కుక్కర్ రెండో విజిల్ వేసింది. మూడో విజిల్‌కే ఆపాలని ప్రకాష్ బాబు, నాలుగోది కూడా రానివ్వాలని జెస్సికా. పెళ్ళయిన ఈ అయిదు వారాల్లో ఆ ఇంట్లో తెగని పంచాయితీ అదొక్కటే. అందుకే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటూనే ఆమె స్టవ్ వైపు వేలు చూపించి, ముట్టుకోవద్దని మొగుడికి సైగ చేసింది.

"జెస్సికానా? నేనమ్మా, ఫ్లారెన్స్ మిస్‌ని. మదనపల్లె నుంచి."

అయిదో తరగతిలో తెలుగు చెప్పిన మిస్ గొంతు వినగానే జెస్సికా తెలియకుండానే నిటారుగా నిలబడింది. మదనపల్లె చర్చిలో స్త్రీల సమాజానికి ఆమే కార్యదర్శి.

"అమ్మ మీద కవితల పోటీలో నీ కవితకే ఫస్టు వచ్చిందమ్మా. ఆదివారం కోత పండుగలో నువ్వే పుల్పిట్ ఎక్కి చదవాల. రెండో చరణం కాడ మా కమిటీలో నలుగురం కండ్లు తుడుచుకున్నాం. ఆ రోజు చర్చంతా ఏడుస్తాది సూడు."

మూడో విజిల్ వచ్చింది. నాలుగోదీ వచ్చింది. అయిదో విజిల్‌కి ప్రకాష్ బాబే పోయి స్టవ్ ఆపాడు. పప్పు మెత్తగా గుజ్జయిపోయింది. కుప్పంలో అద్దెకు తీసుకున్న ఆ రెండు గదుల ఇంట్లో, ఆ గుజ్జులోనే నెయ్యి వేసుకుని, ఇద్దరూ నేల మీద ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. ప్రకాష్ బాబు శాంతిపురం మండలాఫీసుకు పోవాల్సిన టైము దాటిపోయినా కవిత ఇంకోసారి చదవమన్నాడు. ఆమె చదివింది.

"బాగుండాది. అయితే ఒకటి అడుగుతా, కోప్పడొద్దు," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ. "పద్దెనిమిదేండ్ల మా అత్తను నువ్వెప్పుడు సూసినావు?"

"సూసేదేముంది? ఊహించినా."

"ఆమెను అడగొచ్చు కదా."

"అమ్మ చెప్పదప్పా. ఆ పట్టు పని గురించి అడిగితే, ఎప్పటి మాటలే అని చీపురు పట్టుకుంటాది."

జెస్సికాకు తెలిసింది తల్లి వేళ్ళ కొసలు మాత్రమే. అవి తెల్లగా, నున్నగా ఉంటాయి. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ వాటిని ఎప్పుడూ ఒప్పుకోదు. ఒకసారి పెట్టి, తుడిచి మళ్ళీ పెట్టి, ఆఖరికి డీలరు విసుక్కుంటే వెనకున్న వాళ్ళకు దారిచ్చి పక్కకు నిలబడేది అమ్మ. పెళ్ళికి ముందు పట్టుదారం తీసే యూనిట్‌లో పని చేసిందనీ, మరిగే నీళ్ళలో చేతులు పెట్టేదనీ నాన్న ఒకసారి చెప్పాడు. ఆ వేళ్ళను పట్టుకునే జెస్సికా కవితంతా అల్లింది.

జెస్సికా ఫోన్ చేస్తే, మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పని చేసే తల్లి జయశీల డ్యూటీలో ఉన్నా ఎత్తింది.

"నాకు నిన్ననే తెలుసు. వార్డంతా చెప్పేసినా. పదమూడో బెడ్డు ముసలామెకు చెవుడు, ఆమెకు కూడా గట్టిగా అరిచి చెప్పినా," అంది. "ఆదివారం పాపక్క ఉండాల. శుక్రవారం వచ్చేటప్పుడు పుంగనూరులో దిగి పిలిచి రాండి. ఫోన్లో పిలిస్తే దానికి మర్యాద సాలదు."

*

ప్రకాష్ బాబు శుక్రవారం లీవు పెట్టాడు. పొద్దున్నే కుప్పంలో బస్సెక్కి, పలమనేరులో మారి, పుంగనూరులో దిగేసరికి పది దాటింది. దారిలో కిటికీ సీటు కోసం ఇద్దరూ వాదించుకున్నారు. వి.కోట దాకా ఆమె, అక్కడి నుంచి అతను అని ఒప్పందం. వి.కోట దాటినా ఆమె లేవలేదు, అతనూ లేవమనలేదు.

బస్టాండు వెనక సందులో, ఇంటి అరుగు మీదే పాపక్క ఇడ్లీ అంగడి. అరవై దాటిన మనిషి. జెస్సికా పెళ్ళిలో అమ్మ పక్కన కూర్చుని, పాస్టరు అయ్యగారు ప్రసంగం చేస్తున్నంతసేపూ అమ్మ చెవిలో ఏదో చెప్పి నవ్వించింది ఈమే. అప్పుడు వాళ్ళిద్దరినీ చూసి ఎవరో ఉష్ అన్నారు కూడా.

"ఏమప్పా అల్లుడా, మా పిల్లకు సంగటి పెట్టకుండా మాడుస్తాండావా? నెలకే సగమయిపోయిందే," అంది పాపక్క, వాళ్ళను చూడగానే.

"ఆమే నన్ను మాడుస్తాంది పెద్దమ్మా. కవిత రాసే రోజు కూరలో ఉప్పుండదు."

"ఉప్పు లేకుండా తింటాండావంటే మంచోడివే."

పాపక్క ఇడ్లీ పాత్ర మూత తీసింది. ఆవిరి గుప్పున లేచింది. ఆవిరి పోయేదాకా ఆగకుండా చెయ్యి లోపల పెట్టి, ఇడ్లీలను ఒక్కొక్కటిగా వేళ్ళతోనే తీసి ఆకులో వేసింది. జెస్సికా ఆ వేళ్ళ వంకే చూసింది. అవే కొసలు. తెల్లగా, నున్నగా, గీత లేకుండా.

"నువ్వూ అమ్మతోనే పని చేసినావా పెద్దమ్మా?"

"తోడుగా ఏంది, జతగా. నేను చక్రం తిప్పేదాన్ని, మీయమ్మ కొస పట్టేది. మూడేండ్లు. నా మాట అట్లుండనీ, నీ పాట వినిపించు. ఆదివారం దాకా నేను ఆగలేను."

అంగట్లో ఇద్దరు ఆటోవాళ్ళు తింటున్నారు. వాళ్ళు కూడా తినడం ఆపి చూశారు. జెస్సికా ఫోన్ తీసి, గొంతు సవరించుకుని చదివింది.

అమ్మా,
నేను లేని నీ పద్దెనిమిదో ఏట
ఎవరి పెళ్ళిచీర కోసమో
నీ వేళ్ళు మరిగే నీళ్ళలో మునిగాయి.

తొట్టిలో పట్టుగూళ్ళు విచ్చుకున్నాయి,
వాటితో పాటు నీ ఏడుపూ.
నీ కన్నీళ్ళేవో, తొట్టి నీళ్ళేవో
పట్టుదారానికి కూడా తెలియలేదు.

రేషన్ మిషన్ గుర్తుపట్టని ఆ వేళ్ళను
నేను గుర్తుపడతాను.
పేరులేని ఓ కూలిపిల్లా,
నువ్వే మా అమ్మవు.

ఆటోవాళ్ళలో ఒకతను తల ఊపి, "శానా బాగుండాది మేడం," అన్నాడు. పాపక్క ఇడ్లీ రేకులకు నూనె రాస్తూ ఉండిపోయింది. నాలుగు రేకులకూ రాసి, పిండి పోసి, పాత్రలో దించి, మూత పెట్టాక చెయ్యి తుడుచుకుంది.

"తొట్టిలో కన్నీళ్ళు పడినాయని రాసినావే. ఎవురు చెప్పిరి నీకు?"

"ఎవరూ చెప్పలా. ఊహించి రాసినా."

"తొట్టిలో ఉప్పు పడితే దారం పెళుసైపోతాది బిడ్డా. ఆ యూనిట్ బాయినీళ్ళు ఉప్పగా ఉండాయని మీయమ్మ ఓనరు రామచంద్రతో పదైదు దినాలు కొట్లాడింది. మంచినీళ్ళ ట్యాంకరు వచ్చేదాకా తొట్టి ముందర కూసోలేదు. పూటకు రెండు తూర్లు నీళ్ళు మార్సేది. అట్లాంటి మనిషి తన తొట్టిలో తానే ఏడుస్తాదా?"

జెస్సికా ఫోన్ వైపు చూసింది. తెర ఆరిపోయింది.

"కష్టం లేదని కాదు," అంది పాపక్క. "మొదటి నెల చేతులు బొబ్బలే. నేనయితే ఏడిసినా. అందుకే నన్ను చక్రం కాడికి పంపేసిరి. మీయమ్మ మాత్రం..." ఆమె రెండు చేతులూ గాలిలో పెట్టింది. ముందు తొట్టి ఉన్నట్టు కుడిచేతి వేళ్ళను కిందికి వాల్చింది. "ఉడికిన గూళ్ళు నీళ్ళలో తేలతాంటాయి. ఒక్కో గూటికీ ఒక్కో కొస. సాలెపురుగు దారం కంటే సన్నం. కంటికి కనపడదు, వేలికే తెలియాల. ఎనిమిది గూళ్ళ కొసలు కలిపి ఒక్క దారంగా చక్రానికి ఎక్కిస్తాంటే, ఒక గూడు అయిపోతాది, ఒకటి తెగిపోతాది. అది తెగిన చిటికెలో ఇంగో కొస తెచ్చి తగిలియ్యాల, చక్రం ఆగకూడదు. ఆగితే ముడి, ఆలిస్యమైతే దారం సన్నబడతాది. మీయమ్మ నాతో ముచ్చట్లాడతానే తగిలించేది. కండ్లు మూసుకుని కూడా తగిలించి పందెం గెలిచింది ఒకతూరి."

"ఏం పందెం?" అన్నాడు ప్రకాష్ బాబు.

"మైసూర్‌పాకు. నేనే ఓడిపోయినా."

ఆటోవాళ్ళు లేచి చేతులు కడుక్కున్నారు గానీ పోలేదు.

"బెంగుళూరు యాపారస్తులు వస్తే చిలపలు సేతిలో పట్టుకుని, దారం చుట్టిన కట్టలు కదా, అవి వెలుగుకు పెట్టి సూసేవాళ్ళు. 'ఇది ఎవరి చెయ్యి?' అనేవాళ్ళు. అన్నిటికీ అడగరు. మంచిదానికే అడుగుతారు. మేము పేరు చెప్పక ముందే వాళ్ళే అనేవాళ్ళు, 'జయశీల చెయ్యేనా?' అని. యూనిట్ పేరు కాదు, ఓనరు పేరు కాదు. జయశీల చెయ్యి."

పొయ్యి మీద పాత్ర మూత కదలడం మొదలుపెట్టింది. పాపక్క దాని వైపు చూడలేదు.

"ఇంగ ఆ ఆఖరి మాట. పేరులేని కూలిపిల్లా అంటివే, ఆ మాట ఆ చర్చిలోనే ఇంగొకరు అన్నారు. నీకు తెలుసునా?"

జెస్సికాకు తెలియదు.

కోత పండుగకు ఆ చర్చి వాళ్ళు తమ పనిలో మొదటి ఫలాన్ని తెచ్చి బల్ల ముందు పెడతారు. టమాటా బుట్టలు, రాగుల మూట, కోడిపుంజు, కుట్టుపని చేసేవాళ్ళయితే ఒక జాకెట్టు. ఎవరేం తెచ్చారో పెద్దలు పుల్పిట్ మీద నుంచి పేరుపేరునా చదువుతారు, తర్వాత వేలం వేస్తారు. జెస్సికా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

"పద్దెనిమిదేండ్లప్పుడు మీయమ్మ తాను తీసిన చిలప ఒకటి ఓనరు కాడ కొనుక్కుని, అరిటాకులో పెట్టి తీసుకుపోయింది. వేలం సూద్దామని నన్నూ పిలుచుకుపోయింది. మాకు వెనక బెంచీ. పట్టు యూనిట్ పిల్లోళ్ళందరికీ వెనక బెంచీనే, పురుగు వాసనని. సరే, పెద్దాయన ఒకాయన చదవతా వచ్చినాడు. ఫలానా డాక్టరమ్మ గారు మామిడిపండ్లు, ఫలానా టీచరు గారు కోడి. మీయమ్మ చిలప కాడికి వచ్చేసరికి, పైకెత్తి చూపించి, 'ఒక పేద కూలిబిడ్డ కానుక' అన్నాడు. అందరూ అయ్యో అనిరి. ఒకామె కండ్లు కూడా తుడుచుకుంది."

"అమ్మ ఏం చేసింది?"

"లేచి నిలబడింది. మరీ గట్టిగా కాదు, మరీ మెల్లగా కాదు. 'నాకు పేరుండాది అయ్యా. జయశీల,' అనింది. చర్చంతా వెనక్కి తిరిగి సూసింది. ఆయన మళ్ళీ మొదటి నుంచి చదవల్సి వచ్చింది. 'జయశీల, పట్టు చిలప.' అప్పుడు కూసునింది."

పాపక్క మూత తీసింది. ఆవిరిలోకి చెయ్యి పెట్టింది.

"నీ పాట బాగుండాదిలే. ఏడిపిస్తాది. ఆ అయ్యో అన్నోళ్ళు కూడా మంచోళ్ళే," అంది ఇడ్లీలు తీస్తూ.

మదనపల్లె బస్సులో కిటికీ సీటు కోసం ఎవరూ వాదించుకోలేదు. చాలా దూరం పోయాక జెస్సికా అంది, "పద్దెనిమిదేండ్లప్పుడు నేనైతే లేచి నిలబడేదాన్ని కాదు."

"నేనైతే వెనక తలుపు నుంచి పారిపోయేవాణ్ణి," అన్నాడు ప్రకాష్ బాబు.

ఆమెకు నవ్వు వచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అవి సిగ్గుతో వచ్చినవో, మా అమ్మ అన్న గర్వంతో వచ్చినవో ఆమె విడదీసి చూసుకోలేదు. ఫోన్ తీసి కవితలో ఆఖరి రెండు లైన్లు చెరిపేసింది. చెరిపేశాక పైన ఉన్నవి కూడా నిలబడలేదు.

*

టమాటా యార్డు ముందు లారీలు అడ్డం తిరిగి బస్సు అరగంట ఆగింది. ఇల్లు చేరేసరికి సాయంత్రమయింది. జయశీల డ్యూటీ దిగి వచ్చి వంట మొదలుపెట్టింది. జెస్సికా తండ్రి శాలేము రాజు, ఒక్క కాఫీ తాగనిచ్చి, చర్చి ముందు షామియానా కట్టించాలని అల్లుణ్ణి వెంటబెట్టుకుని పోయాడు.

వంటింట్లో తల్లీకూతుళ్ళిద్దరే మిగిలారు. జయశీల సంగటి కెలికి, పొయ్యి మీది దబరను మసిగుడ్డ లేకుండా రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది. ఇన్నేళ్ళూ అది చూసినప్పుడల్లా జెస్సికాకు ప్రాణం చివుక్కుమనేది. ఇవాళ ఊరికే చూస్తూ నిలబడింది.

"నా కవిత నువ్వు చదివినావా అమ్మా?"

"చదివినా. పోటీ కవితలు అచ్చేసిన పుస్తకం ఫ్లారెన్స్ మిస్ ఇచ్చి పంపింది. మూడు తూర్లు చదివినా."

"ఎట్లుండాది?"

"నా బిడ్డ రాసింది బాగుండకుండా యాడికి పోతాది?" జయశీల చెయ్యి తడి చేసుకుని సంగటిని ముద్దలు చెయ్యడం మొదలుపెట్టింది. వేడి ముద్ద ఆమె అరచేతుల్లో గుండ్రంగా తిరిగింది. "ఆ పిల్ల ఎవురో గానీ, సదవతాంటే నాకు కూడా పాపమనిపించింది."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అంది. జెస్సికా గోడకానుకుని కింద కూర్చుంది.

"తెలిసి కూడా ఆదివారం అట్లే కూర్చుని వినేదానివా?"

"యాల వినను? నువ్వు పుల్పిట్ మీద నిలబడతావు కదా. నాకు అది సూడాలని."

"పాపక్క పెద్దమ్మ అంతా చెప్పింది."

"దాని నోరు." జయశీల ముద్దను పళ్ళెంలో పెట్టింది. ఆమె పెదవి కొస నవ్వును ఆపుకుంటోంది. "పందెం మాట కూడా చెప్పిందా?"

"మైసూర్‌పాకు."

"ఈ పొద్దుకీ ఇయ్యలేదు అది."

జయశీల మళ్ళీ చెయ్యి తడి చేసుకుని ఇంకో ముద్ద తిప్పింది.

"ఒక్కసారి కూడా ఏడవలేదా అమ్మా, ఆ తొట్టి ముందర?"

జయశీల నాలుగో ముద్ద పూర్తి చేసింది.

"ఏడిసినా. ఒక్క దినం. చర్చిలో నాకూ మీ నాయనకూ పెండ్లి ప్రకటన మొదటి ఆదివారం చదివినారు. సోమవారమే మాయమ్మ పని మాన్పించింది. మూడు ఆదివారాలు మూడు ప్రకటనలు అయ్యేలోపల ఒంట్లో నుంచి పురుగు వాసన పోవాలని. పసుపు, సున్నిపిండి, అన్నీ రుద్దిరి. మళ్ళా పోతానులే అనుకున్నా. పెండ్లయినాక నువ్వొస్తివి. ఆసుపత్రిలో పని దొరికె." ఆమె వేళ్ళ వైపు చూసుకుంది. "ఆ సోమవారం పొద్దున నా తొట్టి ముందర ఇంగో పిల్ల కూసోనుంటాదని తలుచుకుని ఏడిసినా. నీళ్ళలో కాదు. ఇంట్లో, గోడకు తిరిగి."

పెళ్ళయిన కొత్తలో తాను విజిళ్ళు లెక్కపెట్టుకుంటూ ఆనందంగా ఉన్న ఈ వారాల్లాగే సంతోషంగా ఉండాల్సినవి, పెళ్ళికి ముందరి ఆ వారాలు. అమ్మ వాటిలో గోడకు తిరిగి కూర్చుంది.

ఆమె లేచి ముందు గదిలోకి పోయి ఫ్లారెన్స్ మిస్‌కి ఫోన్ చేసింది.

"మిస్, ఆదివారం నేను చదివేది వేరేది."

"వేరేది ఏందమ్మా? పుస్తకం అచ్చయిపోయిండాది."

"అచ్చయింది అట్లే ఉండనీండి. అది తప్పు మిస్. మాయమ్మ అట్లా ఏడవలేదు."

"కన్నీళ్ళు లేకుండా అమ్మ కవితని ఎవురు వింటారమ్మా? ఆ రెండో చరణానికే కదా ప్రైజు."

"ప్రైజు వెనక్కి తీసుకోండి మిస్. మాయమ్మ పేరుతో మొదలుపెడతా. ఒకసారి ఆ చర్చిలో ఆమె పేరు చదవకపోతే ఆమే లేచి చెప్పుకునింది. రెండోసారి నేనే చదవకుండా ఉంటే ఎట్లా?"

లైను తెగిపోయిందేమోనని జెస్సికా ఫోన్ తీసి చూసుకుంది.

"ఆ దినం నేనూ చర్చిలో ఉండినా," అంది ఫ్లారెన్స్ మిస్. ఆమె గొంతులో టీచరు పోయింది. "ముందు బెంచీ. తిరిగి సూసినోళ్ళలో నేనూ ఒకదాన్ని. మీయమ్మ పచ్చ ఓణీ వేసుకోనుండె. సరే. చదువు. ప్రైజు సంగతి నేను సూసుకుంటా."

జెస్సికా తిరిగి వంటింట్లోకి వచ్చి, గూట్లో ఉన్న పాత క్యాలెండరు చింపి, వెనకవైపు పెన్నుతో ఒక లైను రాసింది.

ఆ పిల్ల పేరు జయశీల.

బాగుంది. ఆ ఒక్క లైనే చాలాసార్లు చదువుకుంది. పాత కవితలోది ఒక్కటే ఉంచితే చాలనిపించి, రేషన్ మిషన్ గుర్తుపట్టని వేళ్ళను నేను గుర్తుపడతాను అన్న మాటను అమ్మకు చదివి వినిపించింది.

"అది ఉంచు. అది నిజమే," అంది జయశీల.

ఆ తర్వాత పెన్ను కదల్లేదు.

"అమ్మా, కొస దొరికినప్పుడు వేలికి ఎట్లుంటాది?"

జయశీల చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె ముందు కూర్చుంది. పాపక్క లాగే గాలిలో వేళ్ళు వాల్చింది. అయితే ఆ వేళ్ళు పాపక్క వేళ్ళలా ఆగి చూపించలేదు. వాటంతటవే కదిలాయి. బొటనవేలు, చూపుడువేలు ఏదో కనిపించని దాన్ని పట్టి విసిరాయి, మళ్ళీ పట్టాయి, మళ్ళీ విసిరాయి. ముప్ఫయి ఏళ్ళుగా బెడ్‌పాన్లు కడిగిన చేతులు ఇంత తేలిగ్గా ఉంటాయని జెస్సికాకు తెలియదు. అమ్మ మొహం కూడా మారింది. మెడ కొంచెం పక్కకు వాలింది. ఎవరో పక్కన ముచ్చట్లాడుతుంటే వింటున్నట్టు ఉంది.

"ఎట్లుంటాదంటే..." అని మొదలుపెట్టి, జయశీల చెయ్యి దించేసింది. "చెప్తే వచ్చేది కాదమ్మీ అది."

బయట గేటు చప్పుడయింది. మగవాళ్ళిద్దరూ వచ్చారు. ప్రకాష్ బాబు చొక్కా నిండా దుమ్ము. పీట వాల్చుకుని కూర్చుంటూ పళ్ళెంలో ముద్దను చూసి, "ఇది ఎవరి చెయ్యి?" అన్నాడు నవ్వుతూ.

జయశీల అల్లుడి వైపు చూసింది. ఒక్క క్షణం ఆమె మొహం వెలిగింది. తర్వాత చెంగు బిగించి, వార్డులో కొత్త ఆయాలకు పని చెప్పే గొంతుతో అంది.

"అందరూ వినండి. నేను రేపు ఆసుపత్రికి లీవు చెప్పేసినా. రామచంద్ర కొడుకు హేమంత్ ఆ యూనిట్‌ని ఈ పొద్దుకీ నడపతాండాడు. అన్నీ మోటార్లే గానీ, మా పాత చక్రం ఒకటి మూలన ఉండాదంట. నూనె పెట్టి ఉంచమని పొద్దునే ఫోన్ చేసి చెప్పినా. పాపక్క మొదటి బస్సుకు వస్తాది."

"పొద్దునేనా?" అంది జెస్సికా. "నేను పుంగనూరులో దిగకముందే?"

"నీ పాట మూడో తూరి చదివినప్పుడే." జయశీల పప్పు వడ్డిస్తూనే ఉంది. "రేపు ఆరింటికి పోతాండాం. అది చక్రం తిప్పుతాది. నేను తొట్టి ముందర కూసుంటా. నువ్వు నా పక్కన. నీళ్ళలో చెయ్యి పెట్టి ఒక్క కొస పట్టు. పట్టినాక రాయి."

"నేనేం చెయ్యాల అత్తా?" అన్నాడు ప్రకాష్ బాబు.

"గూళ్ళ బుట్ట మొయ్యి."

"పురుగు వాసన రెండు దినాలు పోదే," అన్నాడు శాలేము రాజు, మెల్లగా. "ఆదివారం చర్చికి పోవల్ల కదా."

"ఉండనీ," అంది జయశీల. "ఆ వాసనతోనే పోదాం. ఈ తూరి ముందు బెంచీలో కూసుందాం." కూతురి పళ్ళెంలో ఇంకో ముద్ద పెట్టింది. "ఆరింటికి. నేను లేపను, నువ్వే లేయాల."